ప్రాజెక్టు మెటీరియల్ అందరికీ పంచడం, దాంతోనే టెక్నాలజీ క్విజ్‌కి తయారవడం ఎలా?

బడుల్లో సైన్స్ ఎగ్జిబిషన్ల సీజన్ మొదలైందంటే రెండు ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. "సార్, మీ పిల్లలు చేసిన ప్రాజెక్టు ఫైళ్ళు కాస్త పంపుతారా?" అనేది ఒకటి. "టెక్నాలజీ క్విజ్‌కి మంచి పీడీఎఫ్ ఏదైనా ఉందా మేడమ్?" అనేది రెండోది.

మొదటిదానికి చాలామంది వెంటనే పంపేస్తారు, కానీ అవతలివాళ్ళ కంప్యూటర్లో అది తెరుచుకోదు. తెరుచుకున్నా అందులో నాలుగు ఫొటోలు తప్ప ఏమీ ఉండవు. రెండోదానికి సూటిగా చెప్పాలంటే, అలాంటి పీడీఎఫ్ లేదు. గ్రూపుల్లో తిరిగే "వెయ్యి ప్రశ్నలు" ఫైళ్ళలో ఫేస్‌బుక్ మాతృసంస్థ పేరు ఇంకా ఫేస్‌బుక్కే. అది మెటాగా మారింది 2021 అక్టోబరులో. ట్విట్టర్ ఎక్స్ అయింది 2023 జూలైలో. ఆ ఫైళ్ళకు ఈ సంగతులేవీ తెలియవు.

ఈ రెండు పనులను విడివిడిగా చేయకండి. పిల్లలు చేసిన ప్రాజెక్టును మరో బడివాళ్ళు మళ్ళీ చేయగలిగేంత వివరంగా రాసిపెడితే, క్విజ్ ప్రశ్నలు అందులోనే దొరుకుతాయి. ఎలాగో వరసగా చూద్దాం. 8 నుంచి 10వ తరగతి పిల్లలున్న, ఒకటో రెండో కంప్యూటర్లు పనిచేసే మామూలు హైస్కూలును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మీ బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు చేత్తో పరికరాలు చేసి చూసే, కేంద్ర ప్రభుత్వ పథకం ల్యాబ్) ఉంటే కొన్ని పనులు ఇంకా తేలిక.

కావలసినవి

- బడి పేరుతో ఒక గూగుల్ ఖాతా. ఉచితంగా 15 జీబీ జాగా వస్తుంది, చాలు.
- ఒక స్మార్ట్‌ఫోను, వీలైతే ఒక కంప్యూటరు.
- ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి.
- పాత శుభలేఖలు. వెనకవైపు ఖాళీగా ఉండే మందపాటి కార్డులు క్విజ్‌కి బంగారం.
- మూడు చెప్పుల డబ్బాలు.
- ఒక లాంగ్ నోట్‌బుక్.
- వారానికి రెండు రోజులు, రోజుకు ముప్పావు గంట. ఇది లేకపోతే పైవన్నీ ఉన్నా లాభం లేదు.

మొదటి భాగం: ఫోల్డరు

1. ఖాతా బడి పేరున తెరవండి

టీచరు సొంత జీమెయిల్‌లో ఫోల్డరు పెడితే, బదిలీ అయిన రోజున అదీ ఆయనతోపాటే వెళ్ళిపోతుంది. రికవరీకి హెడ్మాస్టరు ఫోను నంబరు ఇవ్వండి, పాస్‌వర్డ్ రాసిన కవరు బీరువాలో పెట్టండి. హెచ్.ఎం. మారినప్పుడు రికవరీ నంబరు మార్చడం మర్చిపోవద్దు.

పిల్లల చేత సొంత ఖాతాలు తెరిపించకండి. 13 ఏళ్ళలోపు పిల్లలు గూగుల్ ఖాతాను సొంతంగా నడపడానికి వీల్లేదు. వయసు తప్పు చెప్పి తెరిచేయడం మామూలైపోయింది కానీ, బడి తరఫున ఆ పని మనం నేర్పకూడదు.

2. ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో ఫోల్డరు, అందులో ఐదే ఫైళ్ళు

ఫోల్డరు పేరు సంవత్సరంతో మొదలుపెట్టండి, తర్వాత తరగతి, తర్వాత ప్రాజెక్టు పేరు. ఫైళ్ళ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, చిన్నగా ఉంటే మంచిది. తెలుగు పేర్లున్న ఫైళ్ళను జిప్ చేసి పాత కంప్యూటర్లో విప్పితే పేర్లు ఒక్కోసారి గజిబిజి అవుతాయి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఒరిజినల్ ఫైనల్" లాంటి పేర్లు వద్దు. తేదీ పెట్టండి.

లోపల ఉండాల్సినవి: "ముందు ఇది చదవండి" అనే ఒక పేజీ, సామాను జాబితా, కనెక్షన్ల బొమ్మ, ప్రోగ్రాము, కొలతల పట్టిక. ఫొటోలన్నీ ఒక ఉపఫోల్డరులో వేయండి. ఎగ్జిబిషన్ ప్రారంభోత్సవం ఫొటోలు, రిబ్బన్ కత్తిరించే ఫొటోలు ఇక్కడ వద్దు. వాటికి వేరే చోటుంది.

3. "ముందు ఇది చదవండి" పేజీని జాగ్రత్తగా రాయించండి

అసలు పని ఇదే. ఒక ఉదాహరణ తీసుకుందాం. మట్టి ఎండితే దానంతటదే నీళ్ళు పెట్టే ప్రాజెక్టు ప్రతి మండల స్థాయి ఎగ్జిబిషన్‌లోనూ కనిపిస్తుంది. ఆర్డునో ఊనో బోర్డు (మనం రాసిన ప్రోగ్రామును నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు), మట్టిలో గుచ్చే రెండు కాళ్ళ తేమ సెన్సర్, ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చి), బుల్లి పంపు. చార్టు మీద "తేమ తగ్గగానే పంపు ఆన్ అవుతుంది" అని రాసి ఉంటుంది. దాన్ని చూసి ఇంకో బడివాళ్ళు చేయబోతే ఎక్కడ ఆగిపోతారో తెలుసా?

మామూలుగా దొరికే సెన్సర్‌లో పొడి మట్టికి పెద్ద అంకె, తడి మట్టికి చిన్న అంకె వస్తుంది. తేమ పెరిగితే అంకె పెరుగుతుందనుకుని ప్రోగ్రాము రాస్తే, మట్టి బురదగా ఉన్నప్పుడు పంపు నడిచి, ఎండిపోయినప్పుడు ఆగిపోతుంది. అందుకే పేజీలో ఈ సంగతులు ఉండి తీరాలి:

- సెన్సర్‌ను గాలిలో పెట్టినప్పుడు, పొడి మట్టిలో, తడి మట్టిలో, నీళ్ళలో మీకు వచ్చిన నాలుగు అంకెలు. మట్టి ఎర్రదా నల్లరేగడా కూడా రాయాలి, అంకె మారుతుంది.
- పంపు ఏ అంకె దగ్గర ఆన్ కావాలని పెట్టారు, ఎందుకు.
- పంపును బోర్డు పిన్నుకు నేరుగా కలపకూడదని. పిన్ను నుంచి 20 మిల్లీఆంపియర్లు తీసుకోవడమే క్షేమం, పంపుకు అంతకు ఎన్నో రెట్లు కావాలి. మధ్యలో రిలే ఉండేది అందుకే.
- ఏం పనిచేయలేదు. చిన్న 9 వోల్టుల బ్యాటరీతో పంపు నడవకపోతే అదీ రాయాలి. సెన్సర్ కాళ్ళు కొన్నాళ్ళకు తుప్పు పడితే అదీ రాయాలి.
- సామాను ధరలు, కొన్న తేదీతో సహా.

ఈ చివరి రెండూ పిల్లలు రాయరు, అడిగి రాయించాలి. పనిచేయనిది రాస్తే మార్కులు పోతాయనుకుంటారు. నిజానికి ఇంకో బడివాళ్ళకు పనికొచ్చేది అదే.

హెచ్చరిక: ఇంట్లో 230 వోల్టుల మోటారును రిలేతో నడిపించే కనెక్షన్ బొమ్మను ఫోల్డరులో పెట్టకండి. మీ దగ్గర పక్కన పెద్దవాళ్ళున్నారు. దాన్ని డౌన్‌లోడ్ చేసుకునే పిల్లవాడి పక్కన ఎవరుంటారో మనకు తెలియదు.

4. తెలుగు ఫైళ్ళు యూనికోడ్‌లోనే ఉండాలి

"మీరు పంపిన ఫైల్లో అన్నీ పిచ్చి గుర్తులొస్తున్నాయి" అనే ఫిర్యాదుకు దాదాపు ఎప్పుడూ ఒకటే కారణం. డీటీపీ సెంటర్లో "అను" అనే ఫాంట్లతో టైపు చేయించారు, అన్ని కంప్యూటర్లూ ఫోన్లూ గుర్తుపట్టే యూనికోడ్ పద్ధతిలో కాదు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో అవి అక్షరాలుగా కనిపించవు. పీడీఎఫ్ చేస్తే కనబడటం వరకు బాగుంటుంది, కానీ అందులో మాట వెతికితే దొరకదు, కాపీ చేసి అతికిస్తే మళ్ళీ పిచ్చి గుర్తులే.

సులువైన దారి: గూగుల్ డాక్స్‌లో ఫోను కీబోర్డుతోనో, మాట్లాడి టైపు చేయించో రాయండి. మండలి, ఎన్టీఆర్, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితం. డీటీపీ సెంటరుకే ఇవ్వాల్సి వస్తే "యూనికోడ్‌లో కావాలి" అని ముందే చెప్పండి, తర్వాత చెబితే మళ్ళీ డబ్బులడుగుతారు.

చెక్ చేయడం: పీడీఎఫ్ తెరిచి కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కి "నీరు" అని టైపు చేయండి. దొరికితే ఫైలు మంచిదే.

5. బొమ్మలు, పాఠాలు ఎవరివో చూసుకోండి

గూగుల్‌లో కనబడిన బొమ్మ అంటే ఎవరైనా వాడుకోవచ్చని కాదు. వికీమీడియా కామన్స్‌లో వెతకండి, బొమ్మ కింద తీసినవారి పేరు, లైసెన్సు పేరు రాయండి. తెలుగు వికీపీడియా వ్యాసంలోంచి పేరా తీసుకుంటే అక్కడి నుంచి తీసుకున్నామని రాయాలి. ప్రైవేటు గైడ్ల స్కాన్లు ఫోల్డరులో పెట్టొద్దు. ఎన్‌సీఈఆర్‌టీ, ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, దీక్షా పోర్టల్ పాఠాలు ఎలాగూ ఉచితంగా ఉన్నాయి, వాటిని మళ్ళీ ఎక్కించకుండా లింకు ఇస్తే సరిపోతుంది. సైన్సు ప్రయోగాలకు కొలరాడో యూనివర్సిటీవాళ్ళ ఫెట్ సిమ్యులేషన్లు (కంప్యూటర్లోనే చేసి చూసే ప్రయోగాలు) కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. వాటికీ లింకే.

మీ పిల్లలు చేసిన దాని మీద కూడా ఒక మాట రాయండి: "పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు." ఇది లేకపోతే అవతలి టీచరు వాడాలా వద్దా అని వెనకాడతారు.

పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలకు తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపువాళ్ళందరూ పిల్లలే. ముఖాలు లేకుండా చేతులూ బోర్డూ మాత్రమే ఫొటో తీస్తే ఈ తలనొప్పే ఉండదు, కనెక్షన్లు కూడా దగ్గరగా కనిపిస్తాయి. ఆధార్ నంబరు, పుట్టిన తేదీ, బ్యాంకు పాస్‌బుక్ కాపీ ఉన్న కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మనక్ పథకం దరఖాస్తులు ఈ ఫోల్డరు దరిదాపుల్లో ఉండకూడదు. ఎంపికైన పిల్లల ఖాతాలో 10,000 రూపాయలు పడే పథకం కదా, ఆ కాగితాలు జాగ్రత్త.

6. షేర్ చేయడం

ఫోల్డరు మీద "షేర్" నొక్కి, "లింకు ఉన్నవారెవరైనా" అని మార్చి, పక్కన "వ్యూయర్" (చూడటానికి మాత్రమే) అని ఉంచండి. ఇక్కడ రెండు రకాల తప్పులు జరుగుతాయి. మార్చడం మర్చిపోతే రాత్రీ పగలూ "అనుమతి ఇవ్వండి" అంటూ మెయిళ్ళు వస్తాయి. "ఎడిటర్" అని పెట్టేస్తే ఎవరో ఒకరు మీ ఫైల్లోనే తమ బడి పేరు టైపు చేస్తారు. చెడు ఉద్దేశంతో కాదు, అది తమ కాపీ అనుకుంటారు. లింకుతో పాటు "మేక్ ఎ కాపీ నొక్కి మీ కాపీ చేసుకోండి" అని ఒక వాక్యం పంపండి.

చెక్ చేయడం: బ్రౌజర్లో ఇన్‌కాగ్నిటో విండో (మీ ఖాతా లాగిన్ లేకుండా తెరుచుకునేది) తెరిచి లింకు అతికించండి. లాగిన్ అడగకుండా ఫైళ్ళు కనబడాలి. మీ ఫోన్లో మీకు తెరుచుకుంటే లెక్కలోకి రాదు, అది మీ ఖాతా.

వాట్సాప్‌లో పంపాల్సి వస్తే కనెక్షన్ల ఫొటోను ఫొటోగా కాకుండా "డాక్యుమెంట్"గా పంపండి. ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోయి ఏ వైరు ఎక్కడికి వెళ్ళిందో తెలియదు. వీడియోలను యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్ళకే కనబడేలా) పెట్టి లింకు ఇవ్వండి, మూడు నిమిషాలు దాటనివ్వకండి.

నెట్ లేని బడికి పెన్‌డ్రైవే గతి. ఇచ్చే ముందు వైరస్ స్కాన్ చేయండి. తిరిగొచ్చాక ఇంకోసారి చేయండి, అది మరీ ముఖ్యం.

7. చార్టు మీద క్యూఆర్ కోడ్

ఎగ్జిబిషన్ రోజున చూడవచ్చినవాళ్ళకు లింకు చెప్పడం కంటే చార్టు మూలన క్యూఆర్ కోడ్ అంటించడం నయం. ఉచిత క్యూఆర్ సైట్లతో జాగ్రత్త. కొన్ని మీ లింకును తమ లింకు వెనక దాచి కోడ్ ఇస్తాయి, కొన్నాళ్ళకు "గడువు ముగిసింది, డబ్బు కట్టండి" అంటాయి. క్రోమ్ బ్రౌజర్లో షేర్ కిందే క్యూఆర్ కోడ్ చేసే వీలుంది. దాంతో చేసిన కోడ్‌లో మీ లింకే ఉంటుంది, గడువు ఉండదు. నాలుగు సెంటీమీటర్లకు తగ్గకుండా, చుట్టూ తెల్ల అంచు వదిలి ప్రింటు తీయండి. వైఫై ఆపేసి, వేరేవాళ్ళ ఫోనుతో, రెండు అడుగుల దూరం నుంచి స్కాన్ చేసి చూడండి.

ఈ క్యూఆర్ కోడ్ కాసేపట్లో మళ్ళీ వస్తుంది.

రెండో భాగం: క్విజ్

8. ముందు సర్క్యులర్ చదవండి

ఏ తరగతులకు, జట్టులో ఒకరా ఇద్దరా, ముందు రాతపరీక్షా ఆన్‌లైనా, ఏ భాషలో? ఇవి ఏటా మారుతుంటాయి, పోయినేటి సర్క్యులర్‌ను నమ్ముకోవద్దు. పల్లెలు, చిన్న పట్టణాల పిల్లల కోసమే ఉన్నవాటిలో బాగా తెలిసింది రూరల్ ఐటీ క్విజ్. కర్ణాటక ప్రభుత్వం, టీసీఎస్ కలిసి 2000లో మొదలుపెట్టారు, తర్వాత ఇతర రాష్ట్రాలకూ వచ్చింది. నగరాల బడులకు అందులో ప్రవేశం లేదు, అదే దాని అందం.

9. జట్టును పరీక్ష పెట్టి ఎంచండి

క్లాసులో ఫస్టు, సెకండు వచ్చినవాళ్ళను పంపేయడం మనకు అలవాటు. క్విజ్‌కి అది పనికిరాకపోవచ్చు. ఆసక్తి ఉన్న అందరికీ 20 ప్రశ్నల రాతపరీక్ష పెట్టండి. అందులో ఐదు ప్రశ్నలకు ఎవరికీ జవాబు తెలియకూడదు, కానీ ఆలోచిస్తే తట్టాలి. ఆ ఐదింటికి ఖాళీ వదలకుండా ఏదో ఒక సబబైన ఊహ రాసిన పిల్లల్ని చూసుకోండి. సెలవుల్లో సెల్‌ఫోన్ రిపేరు షాపులో కూర్చునే కుర్రాడు వెనక బెంచీలో ఉండవచ్చు.

10. మీ ప్రాజెక్టులోంచే పది ప్రశ్నలు తీయించండి

ఇందాకటి నీళ్ళు పెట్టే ప్రాజెక్టునే తీసుకోండి. బల్ల మీద ఉన్న ఒక్కో వస్తువునూ పట్టుకుని "నీ పేరేంటి, ఎక్కడ పుట్టావు, ఎవరు చేశారు" అని అడగమనండి.

బోర్డు: ఆర్డునో అనే పేరు ఇటలీలోని ఇవ్రియా ఊళ్ళో ఉన్న ఒక బార్ నుంచి వచ్చింది. 2005లో అక్కడి డిజైన్ విద్యార్థుల కోసం మొదలైన పని అది.

సెన్సర్ అంకె: ఊనోలో 1023 దాటదు, ఎందుకు? లోపల సెన్సర్ వోల్టేజిని అంకెగా మార్చే పని పది బిట్లలో జరుగుతుంది, రెండుని పదిసార్లు హెచ్చిస్తే 1024, సున్నా నుంచి లెక్కపెడితే చివరిది 1023.

యూఎస్‌బీ వైరు: రూపకల్పనలో ముఖ్యుడు ఇంటెల్‌లో పనిచేసిన అజయ్ భట్. మొదటి ప్రమాణం 1996లో వచ్చింది.

రిలే: 1947లో హార్వర్డ్ మార్క్-2 కంప్యూటరు రిలేలో ఇరుక్కున్న చిమ్మెటను తీసి లాగ్‌బుక్‌లో అంటించారు, "బగ్" దొరికిందని రాశారు. పురుగు అనే ఆ మాటను యంత్రంలో లోపానికి వాడటం అంతకుముందు నుంచే ఉంది, కానీ ఈ కథ క్విజ్ మాస్టర్లకు ప్రాణం.

బోర్డు మీద వెలిగే బుల్లి లైటు: నీలి ఎల్‌ఈడీకి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ప్రోగ్రాము భాష: సీ, సీ ప్లస్ ప్లస్. సీ భాషను బెల్ ల్యాబ్స్‌లో తయారు చేసింది డెనిస్ రిచీ.

చేత్తో పట్టుకున్న వస్తువు గురించి చదివింది అంత తొందరగా మర్చిపోరు. ఏడాదికి మీ బడిలో ఆరు ప్రాజెక్టులు జరిగినా అరవై కార్డులు సొంతంగా వచ్చినట్టే. ఆ ప్రశ్నలను అదే ప్రాజెక్టు ఫోల్డరులో ఆరో ఫైలుగా పెట్టండి. పక్క బడివాళ్ళు మీ ప్రాజెక్టు తీసుకుంటే ప్రశ్నలు కూడా దొరుకుతాయి, వాళ్ళు చేసిన ప్రశ్నలు మీకు పంపమని అడగవచ్చు. అసలు లాభం అక్కడే.

11. కార్డు ఎలా రాయాలి

ముందువైపు ప్రశ్న. వెనక జవాబు, ఎక్కడ చూశారు, ఏ తేదీన చూశారు. ఒక కార్డుకు ఒక్క సంగతే. "రాజ్ రెడ్డి గురించి" అని కార్డు రాస్తే లాభం లేదు. "ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్న కంప్యూటర్ శాస్త్రవేత్త ఎవరు?" అని రాస్తే అది కార్డు.

తేదీ ఎందుకంటే జవాబులు పాతబడతాయి. ప్రపంచంలో అతివేగవంతమైన సూపర్ కంప్యూటర్ల టాప్ 500 జాబితా ఏటా జూన్‌లో ఒకసారి, నవంబరులో ఒకసారి వస్తుంది. కంపెనీల సీఈఓలు చెప్పాపెట్టకుండా మారతారు. ఇలాంటి కార్డుల మూలన ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, క్విజ్‌కి వారం ముందు మళ్ళీ చూడండి.

ప్రతి జవాబూ రెండు చోట్ల సరిపోవాలి. ఒకే పీడీఎఫ్ రెండు సైట్లలో ఉంటే అది రెండు చోట్లు కాదు. చాట్‌జీపీటీ లాంటివాటిని ప్రశ్నలు అడిగించుకోవడానికి వాడుకోండి, ప్రాక్టీసుకు బాగుంటుంది. జవాబులు మాత్రం వాటి మాట మీద కార్డెక్కించకండి, సంవత్సరాలను ఎంతో ధీమాగా తప్పు చెబుతాయి.

12. "మొదటి" అనే మాట దగ్గర ఆగండి

ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. "భారతదేశపు మొదటి కంప్యూటర్ ఏది?" అనే ప్రశ్నకు పిల్లలు పరమ్ అంటారు. ప్రశ్న పూర్తిగా వినాలి.

దేశంలోకి వచ్చిన మొదటి డిజిటల్ కంప్యూటర్ అంటే 1950ల మధ్యలో ఇంగ్లండ్ నుంచి కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చిన హెచ్‌ఈసీ-2ఎమ్. బొంబాయి టీఐఎఫ్‌ఆర్ పరిశోధన సంస్థలో మనవాళ్ళే కట్టి, 1960లో పనిలో పెట్టింది టిఫ్రాక్. హైదరాబాద్ ఈసీఐఎల్ 1969లో తెచ్చింది టీడీసీ-12. మొదటి సూపర్ కంప్యూటర్ అంటేనే పరమ్ 8000, 1991లో పుణె సీడాక్ సంస్థలో విజయ్ భట్కర్ నాయకత్వంలో తయారైంది. నాలుగూ సరైన జవాబులే, నాలుగు వేర్వేరు ప్రశ్నలకు.

ఇంటర్నెట్, వెబ్ కూడా అంతే. ఇంటర్నెట్‌కు తొలి రూపమైన ఆర్పానెట్‌లో మొదటి సందేశం వెళ్ళింది 1969 అక్టోబరులో. వెబ్‌ను టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించింది 1989లో, యూరప్‌లోని సెర్న్ పరిశోధన సంస్థలో. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా. ఈ మూడింటినీ ఒకే కార్డు మీద కాదు, మూడు కార్డుల మీద రాసి పక్కపక్కన పెట్టి అడగండి.

13. మూడు డబ్బాల పద్ధతి

కొత్త కార్డులన్నీ మొదటి డబ్బాలో. జవాబు సరిగ్గా చెబితే కార్డు రెండో డబ్బాకు, మళ్ళీ చెబితే మూడోదానికి. తప్పితే ఎక్కడున్నా సరే మొదటి డబ్బాకు వెనక్కి. మొదటి డబ్బా రోజూ, రెండోది వారానికి రెండుసార్లు, మూడోది వారానికి ఒకసారి తిరగేయాలి. వచ్చిన ప్రశ్నలనే మళ్ళీ మళ్ళీ చదువుకుని ఆనందపడే అలవాటు దీంతో పోతుంది.

చెక్ చేయడం: మొదటి డబ్బా పలచబడుతూ ఉండాలి. రెండు వారాలైనా అలాగే నిండుగా ఉంటే కార్డులు మరీ పొడవుగా రాశారన్నమాట, విడగొట్టండి.

14. ప్రశ్న వినడం నేర్పండి

స్టేజీ మీద ప్రశ్న ఒక వాక్యం కాదు, చిన్న కథలా వస్తుంది. ఇలా: "1994లో జపాన్‌లో కారు విడిభాగాల లెక్క చూసుకోవడానికి దీన్ని కనిపెట్టారు. కనిపెట్టిన ఇంజినీరుకు నల్ల, తెల్ల రాళ్ళతో ఆడే గో ఆట స్ఫూర్తినిచ్చింది. మూడు మూలల్లో మూడు చదరాలుంటాయి. ఇవాళ కూరగాయల బండి మీద కూడా వేలాడుతుంది. ఏమిటది?"

జపాన్ దగ్గర బజర్ నొక్కితే పోతుంది, కారు విడిభాగాల దగ్గర నొక్కినా పోతుంది. మూడు చదరాల దగ్గర, మీ చార్టు మీద క్యూఆర్ కోడ్ అంటించిన పిల్లవాడికి తట్టి తీరాలి. ఇంట్లో ప్రాక్టీసు ఇలా చేయండి: ఒక్కో వాక్యం చదివి ఆపండి, "ఇప్పుడు నీ ఊహ ఏంటి, ఎందుకు?" అని అడగండి. ఎందుకు అనేది చెప్పలేకపోతే సరైన జవాబుకూ సగం మార్కే.

15. ఇంగ్లీషు గండం

తెలుగు మీడియం పిల్లలు ఎక్కువగా ఓడేది తెలియక కాదు, ప్రశ్న అర్థంకాక. క్విజ్ మాస్టరు ఇంగ్లీషులో గబగబా చదివేస్తాడు. రోజుకు ఐదు ప్రశ్నలు ఇంగ్లీషులో చదివి, జవాబు అడక్కుండా "ఏం అడుగుతున్నారో తెలుగులో చెప్పు" అనండి. ఇంతే. అక్రనిమ్, ఫౌండర్, అక్వైర్డ్, ప్రిడెసెసర్, నేమ్డ్ ఆఫ్టర్, కాయిన్డ్ ది టర్మ్ లాంటి ముప్పై మాటలు పట్టుబడితే చాలావరకు గట్టెక్కుతారు. మళ్ళీ చదవమని అడగడానికి మొహమాటపడొద్దని కూడా చెప్పండి. నిబంధనలు ఒప్పుకుంటే అది హక్కు.

16. రాత రౌండు, స్టేజీ రౌండు

రాత రౌండుకు వారానికోసారి 20 ప్రశ్నలు, 20 నిమిషాలు. తప్పుకు మార్కు కోత లేకపోతే ఒక్క ఖాళీ కూడా వదలకూడదు. స్పెల్లింగు కాస్త తప్పినా పలికితే సరిపోయేలా రాయాలి. చేతిరాత బాగున్న పిల్లవాడు రాయాలి, తెలివైనవాడు కాదు.

స్టేజీకి బజర్ కావాలి. కొనకండి, ఇంకో ప్రాజెక్టుగా చేయించండి. ఆర్డునో ఉంటే రెండు బటన్లు, రెండు లైట్లు, ఒక బజరుతో ఎవరు ముందు నొక్కారో పట్టుకునే పెట్టె రెండు సాయంత్రాల పని. ఆర్డునో లేకపోతే రెండు స్టీలు గ్లాసులు, రెండు చెంచాలు చాలు, జడ్జి చెవి పదునుగా ఉంటే. బజర్ రౌండులో తప్పుకు మార్కులు పోతాయి కాబట్టి "ఇద్దరిలో ఒకరికి ఖాయంగా తెలిస్తేనే నొక్కాలి" అనే ఒప్పందం ముందే ఉండాలి. ఇద్దరూ వాదించుకుంటే ఎవరి మాట చెల్లాలో కూడా ముందే తేల్చండి. స్టేజీ మీద టెన్షన్‌లో తేలదు.

ఇక దినపత్రిక. ఆదివారం ఆదివారం వారం మొత్తం టెక్నాలజీ వార్తల్లోంచి ఐదే ఐదు నోట్‌బుక్‌లోకి ఎక్కించాలి: ఏమిటి, ఎవరు, ఎప్పుడు. శ్రీహరికోట ప్రయోగాలు, యూపీఐ మార్పులు, కొత్త ఏఐ పరికరాలు ఎప్పుడూ పనికొస్తాయి. యూపీఐ 2016 ఏప్రిల్‌లో మొదలైందని, నడిపేది ఎన్‌పీసీఐ అనే చెల్లింపుల సంస్థ అని తెలిసినవాడికే ఇవాళ్టి వార్త అర్థమవుతుంది.

క్విజ్ రోజు

ఐడీ కార్డు, హెచ్.ఎం. సంతకంతో బోనఫైడ్, రెండేసి పెన్నులు, మంచినీళ్ళు. కార్డుల డబ్బా ఇంట్లోనే ఉంచండి, ఆఖరి గంటలో చదివితే తెలిసింది కూడా కలగాపులగం అవుతుంది. గంట ముందు చేరేలా బస్సు చూసుకోండి.

రాత రౌండు అయిపోగానే, ఫలితాల కోసం ఎదురుచూసే ఆ ఖాళీలో, గుర్తున్న ప్రశ్నలన్నీ నోట్‌బుక్‌లో రాయించండి. ఇంటికెళ్ళాక రాస్తానంటే మూడో వంతు కూడా మిగలవు. తెలియక వదిలేసినవి ముందు, తెలిసినవి తర్వాత. మర్నాడు జవాబులు సరిచూసి, తేదీ, క్విజ్ పేరు వేసి, టైపు చేసి, "క్విజ్" అనే ఉపఫోల్డరులో పెట్టి, ఇన్‌కాగ్నిటోలో ఒకసారి తెరిచి చూసుకుని, అదే లింకు మండలంలోని మిగతా బడులకు పంపండి.